పెట్టె మీద పేరు

ఆ చెక్కపని షాపులో అసలు పేరుతో బతికిన మనిషి ఒక్కడూ లేడు. పనిలో చేరినవాడికి వారం తిరక్కుండా ఏదో ఒక పేరు తగిలించేవారు. పొద్దున తలుపు తీసింది మొదలు సాయంత్రం వేసేదాకా నోరు మూయనివాడు రేడియో. బీరువా పైఅరకు మేకు కొట్టాలంటే స్టూలెక్కాల్సినవాడు పొట్టోడు. వీళ్ళందరికీ పెద్ద, షాపు యజమాని, నత్త మేస్త్రి. కుర్రతనంలో ఒక కుర్చీకాలు నునుపు చెయ్యడానికి పూటంతా తీసుకున్నాడని ఆయన గురువు పెట్టిన పేరది. ఇంకొకడైతే మొహం మాడ్చుకుని పని మానేసేవాడు. ఈయన మాత్రం నత్త చేసిన కుర్చీ కిర్రుమనదని నలుగురూ చెప్పుకునేదాకా పనిచేసి, ఆ వెక్కిరింపునే బిరుదు చేసుకున్నాడు. అందుకే మాటలో విషం ఉంటుందంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. అనేవాడి మనసు మంచిదైతే ఏ మాటైనా మంచిదే అనేది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం తన ఒక్కడి విషయంలోనే నిజమైందని తెలియడానికి ఆయనకు సగం జీవితం పట్టింది. పేరుకు తగ్గ మనిషి మరి.

షాపు వెనక గోడకు ఒక పొడుగాటి అర ఉండేది. దాని మీద వరసగా పనిముట్ల పెట్టెలు. ఒకడి పని పక్వానికి వచ్చిందని మేస్త్రికి నమ్మకం కుదిరినప్పుడు, చేవ ఉన్న చెక్క ఏరి, తన చేత్తో ఒక పెట్టె చేసి ఇచ్చేవాడు. ఇనపచువ్వ ఎర్రగా కాల్చి దాని మూత మీద అతని పేరు రాసేవాడు. పేరంటే షాపు పెట్టిన పేరే. రేడియో అనీ, పొట్టోడు అనీ నల్లగా కాలిన అక్షరాలు ఆ అర మీద కనిపించేవి. అందరికంటే పాత పెట్టె మీద నత్త అని ఉండేది. పెట్టె అందుకున్నవాడు ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళేవాడు కాదు, తేలిపోయేవాడు.

ఈ షాపులోకి ఒకనాడు వేరే దేశం మనిషి ఒకడు పని అడగడానికి వచ్చాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. చొక్కా నలిగింది గాని గుండీలన్నీ పెట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడి తన పేరు చెప్పాడు. ఎవరికీ పట్టుబడలేదు. మళ్ళీ ఒకసారి, ముక్క ముక్కగా విడగొట్టి చెప్పాడు. రేడియో పలకబోయి నాలుక మడతపడి దగ్గాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. "ఎందుకొచ్చిన తంటా, పరదేశి అంటే సరిపోలా?" అన్నాడు రేడియో. అంతే, ఆ పని అయిపోయింది. మేస్త్రి అప్పటికే అతని చేతులు చూస్తున్నాడు. వేళ్ళ చివర్లు లక్క పాలిష్ పట్టి గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. పని తెలిసిన చేతులు, పేరు ఏదైతేనేం అనుకున్నాడు.

పనిలో అతను బంగారం. దూదిని గుడ్డలో చుట్టి, పాలిష్‌లో ముంచి, బల్ల మీద సుడులు సుడులుగా రుద్దుతుంటే చెక్క లోపలి గీతలు నిద్ర లేచినట్టు పైకి వచ్చేవి. మాట కూడా తొందరగానే నేర్చుకున్నాడు. అయితే మర్యాద ఎక్కడ ఆపాలో తెలియక, అందరికీ గారు తగిలించేవాడు. "రేడియోగారూ, ఆ ఉలి ఇటు ఇవ్వండి. పొట్టోడుగారూ, మీరు కొంచెం జరగండి" అనేవాడు. షాపంతా పగలబడి నవ్వేది. పుట్టి బుద్ధెరిగాక తనను గారు అన్న మొదటి మనిషి ఇతనేనని రేడియో ఉబ్బిపోయేవాడు. ఆ గారు అన్నవాణ్ణి తాము తిరిగి ఏమంటున్నామో మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

ఏళ్ళు గడిచాయి. మేస్త్రి చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఉలి పట్టుకుంటే గీత దాటుతోంది. కొడుకులు లేరు. కూతురు పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంటే, అల్లుడికి బట్టల వ్యాపారం తప్ప ఇంకోటి పట్టదు. రేడియోకి నోరుంది గాని నిదానం లేదు. పొట్టోడికి నిదానం ఉంది గాని పది మందికి పని చెప్పే చొరవ లేదు. షాపు నిలబడాలంటే ఈ పరదేశి చేతిలోనే పెట్టాలని మేస్త్రి మనసులో ఖాయం చేసుకున్నాడు. ఆ ముక్క అతనికి నోటితో చెప్పడానికి సిగ్గుపడ్డాడు. పెట్టె ఇస్తే అన్నీ చెప్పినట్టే కదా అనుకుని, దాచుకున్న మంచి పలకలు బయటికి తీశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం టీ తాగుతూ అతను గ్లాసు కింద పెట్టాడు.

"మేస్త్రీగారూ, ఒకటి అడగనా? పరదేశి అంటే చెడ్డ మాటా?"

రేడియో కూడా నోరు మూశాడు.

"నిన్నెవరన్నా ఏమన్నా అన్నారా?" అన్నాడు మేస్త్రి.

"నన్ను కాదండీ. బడిలో పిల్లలు మా అమ్మాయిని అలా పిలుస్తున్నారంట. అది తిట్టా, మంచి మాటా నాన్నా అని అడిగింది. నాకు తెలియలేదు. మీరు పెద్దవారు. మీరేం చెబితే నేను దానికి అదే చెప్తాను."

కుర్చీకాలి దగ్గర పూటంతా ఆలోచించే మనిషి, జీవితంలో తొందరపడింది ఆ ఒక్కసారే.

"చెడ్డ మాటేంటయ్యా నీ మొహం! నన్ను నత్తంటారు, వీణ్ణి పొట్టోడంటారు. మేమేమన్నా అరిగిపోయామా? మనవాడు అనుకుంటేనే పేరు పెట్టి పిలుస్తాం. ప్రేమగా పిలిచే మాట అని చెప్పు మీ అమ్మాయికి. మా మేస్త్రి చెప్పాడని చెప్పు."

అతని మొహం విచ్చుకుంది. "అలాగేనండీ. సంతోషిస్తుంది" అని గ్లాసు కడిగి బోర్లించాడు.

ఆ సాయంత్రం మేస్త్రి ఈ సంగతి భార్యకు గొప్పగా చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతున్నదల్లా ఆగింది.

"మీరలా ఎందుకు చెప్పారు?"

"ఉన్నమాటే చెప్పాను."

"ఏం ఉన్నమాట? రేడియోకి ఆ పేరు వాడి నోటివల్ల వచ్చింది. మీకు మీ చేతివల్ల వచ్చింది. ఈ అబ్బాయికి ఏం చేస్తే వచ్చింది? మిమ్మల్ని నత్త అన్నవాడు మిమ్మల్నొక్కణ్ణే అంటాడు. దారిన పోయేవాళ్ళు ఈ పరదేశిగాళ్ళు ఎక్కడ దాపురించారో అని తిడతారే, అప్పుడు అతన్నీ, ఇంట్లో ఆడవాళ్ళనీ, ఆ పిల్లనీ కలిపి అన్నట్టు కాదూ?"

"అది వాళ్ళ నోటి తీట. మనం అలా అనం కదా."

"మాట ఒకటేగా. వినేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? పోనీ, అతని అసలు పేరేంటో చెప్పండి."

"ఏదో ఉందిలే. నోరు తిరగదు."

"మీరు తిప్పలేదు" అంది ఆవిడ. మళ్ళీ మడత అందుకుని, "నేనూ తిప్పలేదనుకోండి. బాబూ అని సరిపెట్టేశాను" అంది.

నువ్వు ప్రతిదానికీ ఈకలు పీకుతావని విసుక్కుని మేస్త్రి లేచి వెళ్ళిపోయాడు. విసుగు తనమీదే వచ్చిందని ఆయనకప్పుడు తెలియలేదు. మర్నాడు చువ్వ కాల్చి కొత్త మూత మీద పరదేశి అని రాశాడు. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఒక్క అక్షరం వంకర పోకుండా రాశాడు. తన పెట్టె మీదకంటే లోతుగా కాల్చాడు, తనకంటే ఎక్కువ కాలం నిలవాలని.

వారం చివర అందరినీ పిలిచి, ఆ పెట్టె అతని పనిబల్ల మీద, షాపు తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. "ఇక నుంచి ఈ షాపు మంచీ చెడూ నువ్వే చూసుకోవాలి" అన్నాడు. రేడియో చప్పట్లు కొట్టాడు. అతను పెట్టె దగ్గరికి వచ్చి, మూత మీద వేలు ఉంచి, ఒక్కో అక్షరం వెంబడి నెమ్మదిగా పోనిచ్చాడు. చివరి అక్షరం దగ్గర వేలు ఆగిపోయింది.

"చాలా బాగా చేశారు మేస్త్రీగారూ. కీలు ఎక్కడుందో కూడా కనపడటం లేదు" అన్నాడు.

మళ్ళీ దూదిగుడ్డ అందుకుని, మొదలుపెట్టిన బల్ల పూర్తిచేశాడు. సంతోషం ఎక్కువై మాట రావడం లేదనుకుని మేస్త్రి పొంగిపోయాడు. సాయంత్రం అందరూ వెళ్ళాక, అతను చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"మీరు చెప్పినట్టే మా అమ్మాయికి చెప్పాను" అన్నాడు. "బడిలో టీచరు ఒక్కొక్కళ్ళని లేపి నీ గురించి చెప్పు అన్నారంట. ఇది లేచి, నేను పరదేశిని, అది మీరంతా నన్ను ప్రేమగా పిలిచే పేరు అంది. క్లాసంతా ఆపకుండా నవ్వారంట. టీచరు కూడా నవ్వు ఆపుకోలేకపోయారంట. ఇంటికొచ్చి ఏడవలేదండీ. నీకెవరు చెప్పారు నాన్నా అని మాత్రం అడిగింది. మీరని చెప్పాను."

"నేను ఆ ఉద్దేశంతో..." అని మేస్త్రి మొదలుపెట్టాడు.

"తెలుసండీ. మీ ఉద్దేశం నాకు ఎప్పుడూ తెలుసు. నేను ఓర్చుకుంది అందుకే. అది చిన్నపిల్ల. నేను ఈ పెట్టె ఇంటికి తీసుకెళ్తే, అది చదువుతుంది."

షాపు తాళంచెవి పనిబల్ల మీద పెట్టి, మేస్త్రికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పనిబల్ల మీద అతని పెట్టె ఉన్న వైపు చూడకుండా అందరూ పని చేసుకున్నారు. రేడియో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "ఆ పేరు ముందు అన్నది నేనే మేస్త్రీ" అని గొణిగాడు. "నువ్వు అన్నావు. నేను కాల్చాను" అన్నాడు మేస్త్రి.

ఆయన ఆ మూత విప్పి చిత్రిక పట్టాడు. పొట్టు లేచింది గాని మసి పోలేదు. మళ్ళీ పట్టాడు. కాలిన గీత పైకి కనపడేదానికంటే లోపలికి ఎక్కువ దిగుతుంది. ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు, తెలిసే లోతుగా కాల్చాడు. మూత అట్టలా పలచబడిపోయాక, దాన్ని పక్కన పడేసి కొత్త మూత చేశాడు. చువ్వ పొయ్యిలో పెట్టాడు. చువ్వ ఎర్రబడింది. అప్పుడు గుర్తొచ్చింది, ఏం రాయాలో తనకు తెలియదని. రేడియోని అడిగాడు, పొట్టోణ్ణి అడిగాడు. పొట్టోడు చాలాసేపు పైకప్పు వంక చూసి, "మొదట్లో ఏదో ఈల వేసినట్టు ఉండేది మేస్త్రీ" అన్నాడు. చువ్వ పొయ్యి పక్కనే చల్లారిపోయింది.

చివరికి ఖాళీ మూత బిగించిన పెట్టెను గుడ్డలో చుట్టుకుని, మేస్త్రి అతన్ని వెతుక్కుంటూ బయల్దేరాడు. రైలుగేటు అవతలి వీధిలో ఉంటాడని విన్నాడు, అంతే. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం తొక్కిందీ లేదు, ఇంటిల్లిపాదినీ చూసిందీ లేదు. అతనికి చెప్పవలసిన మాటలన్నీ దారిపొడుగునా మనసులో కూర్చుకున్నాడు. తప్పు నాదయ్యా అనాలి. మీ అమ్మాయితో నేనే చెప్తాను అనాలి. ముందు పేరు అడగాలి, నోరు తిరిగేదాకా అక్కడే కూర్చుని పలకాలి.

వీధి మొదట్లో ఇస్త్రీబండి మనిషి దగ్గర ఆగి అడిగాడు. "ఇక్కడ పాలిష్ పని చేసే అతను ఎక్కడుంటాడు బాబూ?"

"పేరేంటండీ?"

"పొడుగ్గా ఉంటాడు, సన్నగా. చాలా మర్యాదగా మాట్లాడతాడు."

"పేరు తెలీకుండా ఎలాగండీ? ఈ వీధిలో అద్దెకున్నవాళ్ళే బోలెడు మంది."

"ఒక ఆడపిల్ల, బడికెళ్తుంది. వాళ్ళావిడ..." ఆవిడ గురించి కూడా ఏమీ తెలియదు. ఇస్త్రీ మనిషి ఇస్త్రీపెట్టె ఎత్తి చొక్కా మీదికి దించబోతున్నాడు. ఇక పని జరగదని, మేస్త్రి గొంతు బాగా తగ్గించి, "అదే... పరదేశి" అన్నాడు.

"ఓ, పరదేశా! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!" ఇస్త్రీ మనిషి వీధి మారుమోగేలా అన్నాడు. "ఇదిగో, ఈ మెట్లెక్కి పైవాటా."

మేస్త్రి తలెత్తాడు. మెట్ల మీద ఒక పిల్ల కూర్చుని పుస్తకాలకు అట్టలు వేసుకుంటోంది. పొడుగాటి సన్నటి వేళ్ళు, అచ్చం తండ్రివే. అంతా విన్నదని ఆ కళ్ళు చూస్తేనే తెలిసింది. ఆ పిల్ల ఆయన చేతిలోని మూట వంక, చొక్కా మీది చెక్కపొట్టు వంక చూసింది.

"మీరు మేస్త్రీగారా?" అంది.

గారు ఎక్కడా తగ్గలేదు. ఆ పెంపకానికి మేస్త్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవునన్నట్టు తలూపాడు.

"నాన్న ఇంట్లో లేరండీ. పని కోసం తిరుగుతున్నారు."

కూర్చుకున్న మాట ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చిన ఒకే ఒక్క మాట ఇది. "అమ్మా, మీ నాన్న పేరేంటమ్మా?"

ఆ పిల్ల కోప్పడలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

"మీకు చెప్పలేదాండీ?" అంది.

చెప్పాడు. మొదటి రోజునే, గుమ్మంలో నిలబడి చెప్పాడు. పట్టుబడలేదని, ముక్క ముక్కగా విడగొట్టి, రెండోసారి కూడా చెప్పాడు.