పరిగెల పులుసు రుచి

చైతన్యపురి రామమోహనరావుగారి దృష్టిలో, వేలెడంత పరిగెల పులుసు ముందు బొచ్చె, శీలావతి లాంటి పెద్ద చేపలు గడ్డిపరకతో సమానం. ప్రతి ఆదివారం చంపాపేట మార్కెట్లో కళ్లజోడు పైకెత్తి, ఆ బుల్లి చేపల మొప్పలు విప్పి చూసి, గోదావరి పరిగెల వైభవం చెప్పి మరీ కొంటారు.

"గింత సన్న శాపలు మేం సాఫ్ చెయ్యం సారూ" అంటుంది చేపలమ్మే రాజేశ్వరమ్మ.

ఆయన నవ్వుతారు. ఇంట్లో గరుకురాయి ఉంది, తోమడానికి భార్య కుసుమకుమారి ఉంది.

మొన్నో ఆదివారం మాత్రం ఆవిడ ముల్లు గుచ్చుకుని వాచిన బొటనవేలు చూపించి, "ఈ వారం మీరే తోమండి" అంటూ పళ్లెం ఆయన ముందుకు తోసింది. సగమైనా కాకముందే రావుగారి నడుం పట్టేసింది, మీసాలకు పొలుసులు అంటుకున్నాయి.

తర్వాతి ఆదివారం రాజేశ్వరమ్మ అలవాటుగా పరిగెల గంప జరిపింది. రావుగారు బొచ్చె వైపు వేలు చూపించారు.

"మా గోదావరోళ్లం పరిగెలు ముట్టుకోమమ్మా. ముక్కలు కొట్టియ్యి."