ముసుగు వేసిన మాత

మా బందరు కాన్వెంటులో లైబ్రరీ చూసిన సిస్టర్ గారు మొన్న గుడివాడ ఆసుపత్రిలో పోయారు. ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలం, దాని చివరి రోజులు. ఫోను వచ్చినప్పుడు అమ్మ గిలకలదిండిలో మా ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. సంగతి చెప్పగానే లేచి చేతులు కడుక్కుని, "పద, చూసొద్దాం" అంది.

సిస్టర్ గారు తక్కువ మాట్లాడేవారు. నాలాంటి నోరు పెగలని పిల్లలు ఆవిడ దగ్గర చేరడానికి అదొక కారణం. పుస్తకం ఇచ్చేముందు మొదటి పేజీ తనే ఒకసారి చదువుకునేవారు, మనం నిలబడి ఉన్నా సరే. ఒకసారి తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం నుదుట బూడిద పెట్టించుకున్న మా క్లాసు అమ్మాయి, ఇది కడుక్కోవచ్చా అని అడిగింది.

"కడగక్కర్లేదమ్మా. బందరు చెమటకి మధ్యాహ్నానికల్లా అదే పోతుంది. మనమూ అంతేనని చెప్పడానికే పెట్టింది."

తపస్కాలంలో బలిపీఠం మీద పూలెందుకు ఉండవని నేనడిగితే, ఇంట్లో ఒకరు బాధపడుతుంటే నువ్వు పూలు పెట్టుకుంటావా అన్నారు.

నేను ఆ బళ్ళో కొత్తగా చేరి తొమ్మిదో తరగతి చదువుతుండగా నాన్న వేటకు వెళ్ళిన బోటు తిరిగి రాలేదు. మేం హిందువులం. అయినా నాన్న సముద్రం మీద ఉంటే అమ్మ ఇంట్లో గంగమ్మకు దణ్ణం పెట్టి, నన్ను బళ్ళో దింపడానికి వచ్చినప్పుడు చర్చిలో మరియమాత ముందు కొవ్వొత్తి వెలిగించేది. బోటు జాడ తెలియని ఆ రోజుల్లో ఒక పొద్దున వెళ్ళేసరికి మాత విగ్రహం తల నుంచి పాదాల దాకా ఊదారంగు గుడ్డ కప్పి ఉంది. అమ్మ కొవ్వొత్తి వెలిగించలేదు.

"నాకు చెప్పలేక మొహం దాచుకుందే తల్లి. మీ నాన్న ఇంక లేడు."

అలా అని ఇంటికి వెళ్ళిపోయింది. నేను ఏడుస్తూ సిస్టర్ గారికి చెప్పాను. ఆవిడ ఆటో పిలిపించి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. మేం వెళ్ళేసరికి అమ్మ గాజులు తీయబోతోంది. సిస్టర్ గారు పక్కనే నేల మీద కూర్చుని ఆ రెండు చేతులూ పట్టుకున్నారు.

"అది చావు కబురు కాదమ్మా. ఈస్టరుకి ముందు ఏటా కప్పుతాం. రోజూ చూసే మొహం కొన్నాళ్ళు కనబడకపోతే మన కళ్ళు దాన్ని వెతుక్కుంటాయని. మీ ఆయన సంగతి నాకూ తెలీదు. తెలిసేదాకా గాజులు ఉండనీ."

అమ్మ గాజులు ఉంచుకుంది. రోజూ నాన్నకూ కలిపే బియ్యం పోసింది. ఒడ్డుకొచ్చిన ప్రతి బోటు వాళ్ళనీ అడిగింది. ఈస్టరుకు ముందే నాన్న శవమై దివిసీమ వైపు తీరానికి కొట్టుకొచ్చాడు.

మళ్ళీ బడికి వెళ్ళాక, లేని ఆశ ఎందుకు పెట్టారని సిస్టర్ గారిని అడిగాను. నేను ఆవిడతో గట్టిగా మాట్లాడింది అప్పుడే. ఆవిడ వాదించలేదు.

"గుడ్డ సంగతి తెలుసు, చెప్పాను. సముద్రం సంగతి ఏం చెప్పగలనమ్మా?"

అమ్మకు మాత్రం ఆవిడ మీద ఎన్నడూ కోపం రాలేదు. ఆ కాసిని రోజులూ తనను ముత్తయిదువుగా ఉంచింది ఆ సిస్టరమ్మే అంటుంది ఇప్పటికీ.

మొన్న చర్చిలో సిలువకూ మాతకూ అన్నిటికీ ఊదా గుడ్డలే. పెట్టెలో సిస్టర్ గారి మొహం ఒక్కటే తెరిచి ఉంది. ప్రార్థన ముగిశాక ఒక సిస్టర్ తెల్లగుడ్డ ఆవిడ మొహం మీదికి లాగబోతుంటే అమ్మ ముందుకెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

"అప్పుడే కప్పకండమ్మా. ఇంకాసేపు చూసుకోనివ్వండి."

అమ్మ తన చేతిని చీరకు తుడుచుకుని సిస్టర్ గారి చెంప మీద ఆనించింది. పక్కన ఆ సిస్టర్ గుడ్డ అంచు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు.