సాయిదుర్గ మంచం

జువాలజీ చెప్పే ఆశాజ్యోతి గారిని కడియం దగ్గరి రెసిడెన్షియల్ కాలేజీ వాళ్లు వార్డెన్‌ను చేసింది ఆవిడ గొంతు చూసి. ఒక్క కేక వేస్తే మూడంతస్తులూ పుస్తకాలు తెరిచేవి. పిల్లల మాట వినడం ఆ ఉద్యోగంలో భాగమని ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

ఆగస్టులో సాయిదుర్గ అనే ఇంటర్ అమ్మాయి ఆత్మహత్య చేసుకుంది. యాజమాన్యం గుమ్మడికాయ కొట్టించింది, పాస్టరు గారి చేత ప్రార్థనా చేయించింది, గోడకి ‘ధైర్యమే విజయం’ అని బోర్డు పెట్టించింది. ఆపైన ఆ పిల్ల పేరు ఎవరూ ఎత్తకూడదంది. ఎత్తితే మిగతావాళ్లకీ అదే బుద్ధి పుడుతుందట!

గది ఖాళీ చేయించినా ఆ పిల్ల మంచం మాత్రం మిగిలింది. పొద్దున ఆయా రత్తమ్మ దుప్పటి బిగించి పరిచేది. సాయంత్రానికి మనిషి పడుకుని లేచినట్టు ముడతలు, దిండులో గుంట. ఒకరోజు దిండు తడిగా కూడా ఉంది.

“మళ్లీ వచ్చిందండి,” అంది రత్తమ్మ, గడప దాటకుండా.

“ఊరుకో, నీ మొహం!” అన్నారు గాని ఆశాజ్యోతి గారూ ఆ పూట గడప దాటలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ఆ గదిలో తలుపు వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తలుపు కదిలింది. శ్రీదుర్గ అనే ఇంకో ఇంటర్ పిల్ల వచ్చి, మంచమెక్కి, గోడవైపు తిరిగి పడుకుంది.

“రోజూ నువ్వేనా అమ్మా?”

ఆ పిల్ల ఉలిక్కిపడలేదు. ఆవిడకి భయమేసింది అందుకే.

“నేను మంగళవారమేనండి. మిగతా రోజులు వేరేవాళ్లు.”

“ఎందుకే?”

“ఇక్కడికి ఎవరూ రారు కదండి. మార్కులడగరు.”

యాజమాన్యం ఎత్తొద్దన్న మాటే ఆవిడ అడిగేశారు. “చచ్చిపోవాలనిపిస్తోందా?”

“అనిపిస్తుందండి.” గోడవైపే చూస్తూ, “ఎవరైనా అడుగుతారేమో అనుకున్నాను మేడం,” అంది.

ఆవిడ ఆ పిల్లను ఒంటరిగా వదల్లేదు. వెంటబెట్టుకునే వెళ్లి తల్లికి ఫోన్ చేశారు, రాజమండ్రిలో మానసిక వైద్యుడి దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. సంగతి తెలిసి ప్రిన్సిపాల్ శ్యాంబాబు గారు పరుగెత్తుకొచ్చారు.

“టీసీ ఇచ్చి పంపేయండి మేడం. ఆ మంచం కూడా తీయించేయండి. కాలేజీ పేరేం కావాలండి?”

“ఈ పిల్లది మంగళవారమండి. బుధవారం ఎవరిదో మీకు తెలుసా? నాకూ తెలీదు.”

సాయంత్రం స్టడీ అవర్‌లో ఆవిడ కేక వెయ్యలేదు. “సాయిదుర్గ గురించి మాట్లాడుకుందాం,” అన్నారు. “ఆ మంచం మీద పడుకున్నవాళ్లు నా గదికి రండి. తిట్టను. టీసీ ఇవ్వనివ్వను.”

తన గదికి వెళ్లి కూర్చున్నారు. బయట అలికిడి లేదు. ఎవరూ రాలేదనుకుని తలుపు తీశారు.

వరండా పొడవునా, మెట్ల మలుపు దాకా పిల్లలు నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు, గేటు మీద ఫ్లెక్సీలో నవ్వుతూ కనిపించే ఫస్ట్ ర్యాంకు లావణ్య.

“నాది బుధవారమండి,” అంది.