మావయ్య చూసిన ముడి

మా మావయ్య ఖిదిర్‌పూర్ రేవులో సరుకు మూటలకు తాళ్లు కట్టి రిటైరైన మనిషి. చదువు రాదు. సినిమాలో అయినా ఎవరి ముఖమూ చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. "నోటికి అబద్దం వొచ్చుగానీ, సేతులకి రాదు గుంటా" అనేవాడు.

ఒక ఆదివారం మా తెలుగు లైబ్రరీలో ఓ మోసగాడి సినిమా వేశారు. చివర్లో ముగింపు వివరించే పని ఎప్పుడూ నాదే. అక్కడున్న సినిమా పుస్తకాలన్నీ చదివినదాన్నని నాకు గర్వం. మోసగాడు నదిలో మునిగి చచ్చిపోయాడనీ, సొమ్ముతో రైలెక్కింది వాడి జతగాడనీ ధీమాగా చెప్పాను.

"సచ్చిపోనేదు" అన్నాడు వెనక నుంచి మావయ్య. "రైల్లో ముసుగేసుకున్నోడి పెట్టికి ముడి సూడనేదేటి? ఎడంసేతివాటం ముడి. మొదట్లో ఆ మోసగాడు కట్టినాడే, అదే."

చివరి సీను మళ్లీ వేశారు. ముడి అదే.

"ఏటి దీదీ, అన్ని పుస్తకాలు సదివి ఇదేనా?" అని ఎవరో నవ్వారు. ఇక ఈ పని నాకివ్వరనుకున్నాను.

మావయ్య లేచాడు. "నవ్వకండర్రా. ముడి సంగతి సినిమా మద్దెలో నాకు సెప్పింది ఈ గుంటే. మీరు కనిపెడతారో నేదోనని దాచీసింది."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆయన చేతులు చూశాను. అవి తువ్వాలు కొసకు ముడి వేస్తున్నాయి, విప్పుతున్నాయి, మళ్లీ వేస్తున్నాయి.