తాగని కాఫీ

ఇరాక్ వైపు నుంచి నల్లజెండాల ఉగ్రవాద మూక ముందుకొస్తోందని రియాద్ నుంచి పెద్ద కమాండరు అరార్ సరిహద్దు చౌకీకి దిగాడు. తండ్రి ఒంటెలు మేపిన నేలకే కాపలా కాస్తూ తల నెరిసిన ముత్లఖ్ ఆయనకు కాఫీ పోశాడు.

కమాండరు తాగకుండా కప్పు కింద పెట్టాడు. ఆ ఎడారి ఆచారంలో అతిథి అలా పెట్టాడంటే ఏదో కోరుతున్నట్టే. తీర్చకపోతే పోసినవాడికి తలవంపులు. ప్రాణమే అడుగుతాడనుకుని ముత్లఖ్ గుండె మీద చెయ్యేసుకున్నాడు.

“అడగండయ్యా, ఇచ్చేశాననుకోండి.”

“ఏం లేదు బాబాయ్, నాకో ఫోటో తియ్యి. వెనకాల కంచె పడాలి. త్వరగా కానీ, ఎండకి చస్తున్నా.”

మాటిచ్చాడు కాబట్టి తీశాడు. కమాండరు కారు వెళ్లిపోయాక ఆ కాఫీని ఇసుకలో పారబోసి, కప్పును కంచె మీదికి విసిరికొట్టాడు.

“థూ! కడిగితే నీళ్లు దండగ.”