ఇద్దరి మధ్య ఖాళీ చోటు

కరెంటు పోయినప్పుడు ఫ్యాను వెంటనే ఆగదు. రెక్కలు ఒక్కొక్కటిగా కంటికి కనబడుతూ, గాలి మెల్లగా చెంప మీంచి తప్పుకుంటూ, చివరికి గదిలోకి ఒక నిశ్శబ్దం దిగుతుంది. నిన్న మధ్యాహ్నం అలాగే దిగింది. కళ్ళు మూసుకుని మంచం మీద పడుకున్నదాన్ని, అంతలోనే అనకాపల్లి క్యాథలిక్ గుడిలో చాప మీద కూర్చుని ఉన్నాను. పక్కన సెలీనమ్మక్క. మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. ఆవిడ మిమ్మల్ని చూసి ఉంటే, మీ జాకెట్టు చేతులు ఎగుడుదిగుడుగా ఉన్నాయన్నదే మొదటి మాట అయ్యేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, పెళ్ళయి దేవరాపల్లి దగ్గరి పల్లె నుంచి టౌన్లో కాపురానికొచ్చిన నేను ఆవిడ కుట్టుషాపులో పనికి కుదిరాను. మావాళ్ళు చెరకు రైతులు. కుట్టుమిషనంటే చిరిగిన దుప్పటి అతికేది అనుకునేవాళ్ళం. ఆవిడ నా కుట్టు చూసి, కోపం లేకుండానే విప్పమనేది. పొద్దంతా కుట్టడం, సాయంత్రం విప్పడం. నాకు ఒళ్ళు మండేది. నోరు కూడా కాస్త పెద్దదే కాబట్టి ఎదురు చెప్పేదాన్ని. ఆ నోటికున్న పదును కత్తెరకుంటే బాగుండునని నవ్వి, మరో గుడ్డ చేతిలో పెట్టేది.

ఒక వేసవిలో, గుడిలో పీఠం మీద పరిచే తెల్లబట్టకు అంచు కుట్టే పని నాకు ఇచ్చింది. ఆశ్చర్యం, ఈసారి విప్పమనలేదు. ఆదివారం గుడికొచ్చి, పరిచాక ఎలా ఉందో చూసుకోమంది. ఇంట్లో చెబితే, వెళ్తే వెళ్ళుగానీ వాళ్ళేం పెట్టినా తినొద్దని మా అత్తగారు హెచ్చరించారు. ఆ మాట చేరవేస్తే అక్క కడుపు పట్టుకుని నవ్వింది.

"మీ అత్తని బయపడొద్దను. మేమే నీకు పెట్టం," అంది. "సత్ప్రసాదమంటే ఫాదర్‌గారు పెట్టే అప్పం, అది మాలో కలిసినోళ్ళకే. దానికి అందరూ లైను కడతారు, నువ్వు కూకున్న కాడే కూకో. అందరూ లేత్తే లెగు. మోకాళ్ళెయ్యడం నచ్చితే ఎయ్యి, లేపోతే తలొంచుకో. నిన్నెవులూ ఏటీ అనరు."

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. చెప్పులు బయట విడిచి, అందరిలాగే కొంగు తల మీద కప్పుకున్నాను. ద్వారం దగ్గర గిన్నెలో నీళ్ళున్నాయి. తీర్థమేమోనని వేళ్ళు ముంచి నోటిదాకా తెచ్చి, అత్తగారు గుర్తొచ్చి కొంగుకు తుడుచుకున్నాను. తర్వాత చూస్తే, వాళ్ళు ఆ తడివేళ్ళతో నుదుటి మీద, గుండె మీద శిలువ గుర్తు వేసుకుంటున్నారు. లోపల రంగుటద్దాల్లోంచి ఎండ పడి, నేల మీద ఎర్రగా పచ్చగా పరుచుకుంది. పీఠం మీద నా తెల్లబట్టను అక్క సర్దుతోంది. నా చేతి పని అంత అందంగా ఉంటుందని నాకే తెలీదు.

ఆడవాళ్ళ వైపు గోడ వారన అక్క ప్రార్థన పుస్తకం ఉంది. దాని పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీకి అవతల, అచ్చం అక్క ముక్కే ఉన్న ఒకావిడ. ఇంత జనంలో ఇక్కడెవరూ కూర్చోలేదేమిటా అనుకుంటూనే వెళ్ళి కూర్చున్నాను. ముందువాళ్ళు కొందరు తిరిగి చూశారు. అక్క వచ్చి, నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, పుస్తకం తీసుకుని గోడ వారన కూర్చుంది.

పాటల మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. మైకు లేని ఫాదర్‌గారి గొంతు ఎక్కడో ఏటి అవతల నుంచి వస్తున్నట్టుంది. అందరూ ఒక్కసారి మోకాళ్ళు వేస్తే, చీరల చప్పుడు వరిచేను మీద గాలిలా గుడంతా సాగింది. నేనూ మోకాళ్ళు వేశాను. ఎందుకో చెప్పలేను, హాయిగా ఉంది. అప్పుడు ఫాదర్‌గారు ఒకరికొకరు శాంతి కోరుతూ సమాధానం చెప్పుకోమన్నారు. అక్క నా వైపు తిరిగి చేతులు జోడించి "క్రీస్తు సమాధానం" అంది. ఇటుపక్కావిడ కూడా నాతో అదే అంది. పెళ్ళివారికి పెట్టినట్టు ఇద్దరికీ నవ్వుతూ నమస్కారాలు పెట్టాను. అంతలో పాట అందుకున్నారు. అక్క చేతులు మాత్రం జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి.

అంతా అయ్యాక, కానుగచెట్టు కింద అక్క నాకు సంగతి చెప్పింది. ఆవిడ సొంత చెల్లెలు, ఫిలోమినా. తల్లి పోయినప్పుడు పాయకరావుపేటలో ఉండేది. కబురు ఆలస్యంగా అందింది. ఎండలకు ఉంచలేక, ఆమె వచ్చేలోపే సమాధి చేసేశారు. అమ్మ ముఖం చూడనివ్వలేదని అక్కతో మాట మానేసింది. తర్వాత కాపురం ఈ ఊరికే మారినా మానేసిన మాట మానేసినట్టే ఉంది. ప్రతి ఆదివారం ఆ ఖాళీ మీదుగా చేతులు జోడించి, ఫాదర్‌గారు చెప్పమన్న ఆ మాట ఒక్కటే చెప్పుకుంటారు. తెలిసినవాళ్ళెవరూ అక్కడ కూర్చోరు.

"వారానికి మాకున్నది ఆ ఒక్క మాటే," అంది. "ఇయ్యాల అదీ లేదు."

అడ్డంగా కూర్చున్నది నేనే. మెట్ల దగ్గర ఫిలోమినమ్మ చెప్పులు వెతుక్కుంటోంది. వెళ్ళి ఇప్పుడైనా చెప్పమన్నాను.

"లోపలంటే ఫాదర్‌గారు సెప్పమంటారు, సెప్తాం. ఇక్కడెవులు సెప్పమన్నారు?"

"నాను సెప్పమంటన్నాను. ఎల్లక్కా."

ఆవిడ చూసిన చూపుకి పని పోయిందనే అనుకున్నాను. కానీ వెళ్ళింది. చెల్లెలి ఎదుట నిలబడింది. చేతులు జోడించలేదు, గుడిలో మాటా అనలేదు.

"అమ్మ మొకం బాగానే ఉందే," అంది. "నిద్దరోయినట్టే ఉంది."

ఫిలోమినమ్మ ఒక కాలికి చెప్పుతో అలాగే ఉండిపోయింది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏ సీర కట్టేరు?"

నీలం నేతచీరని, జాకెట్టు తనే కుట్టిందని, తల ఎలా దువ్విందీ, చేతులకు జపమాల ఎలా చుట్టిందీ, అక్క అన్నీ చెప్పింది. ఇద్దరూ ఏడ్చారు. చూడలేక నేను చెట్టు అవతలికి వెళ్ళాను. ఆ రోజుతో కోపాలన్నీ పోయాయని అనను. ఒకరింటికి ఒకరు వెళ్ళడానికి ఇంకా చాలాకాలం పట్టింది. కానీ మళ్ళీ ఆదివారం ఆ ఖాళీ లేదు.

సెలీనమ్మక్క పోయినప్పుడు నేను దూరాన ఉన్నాను. వచ్చేసరికి మట్టి కప్పేశారు. ఏడుపు కూడా రాక వాకిట్లో నిలబడితే, ఫిలోమినమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నేను నోరు తెరవకముందే అక్క ముఖం ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టింది.

చూపు మందగించి కుట్టుపని ఎప్పుడో మానేశాను. ఇది మాత్రం మానలేదు. ఎవరింట చావుకు వెళ్ళినా పోయినవాళ్ళ ముఖం, కట్టిన బట్ట శ్రద్ధగా చూసి మనసులో ఉంచుకుంటాను. ఆలస్యంగా వచ్చినవాళ్ళ పక్కకు వెళ్ళి కూర్చుంటాను. వాళ్ళు అడిగేదాకా ఆగను.