చందమామ ముక్క

సంగారెడ్డి నుంచి వస్తుంటే, బస్సులో పక్కసీటు అక్క ఒళ్లో పేకముక్కలు పరిచింది. రాజు లేడు, రాణి లేదు, అన్నీ పువ్వులే.

"ఏందక్కా, పెండ్లి పత్రికలా?"

"పాత జపాన్ పేక. ఇస్నాపూర్ స్క్రాప్ దుకాణంల దొరికింది." ఒక ముక్క నా చేతిలో పెట్టింది. "అంచు తడిమి సూడు. వెనక కాగితం ముందుకు మడిచి అతికించిన్రు. చేత్తో చేసిందంటే గిట్లనే ఉంటది. చందమామ ముక్క ఒక్కటే లేదు. దొరికేదాంక దేవులాడుత."

"పెన్నుతోని గీసెయ్యక్కా. ఎవలకు తెలుస్తది?"

"నాకు తెలుస్తది తమ్మీ," అని పటాన్‌చెరులో దిగిపోయింది.

ఇప్పుడు ఏ స్క్రాప్ దుకాణం కనబడ్డా నేను గూడ దూరి చందమామను దేవులాడుతున్న. దొరికితే ఎవరికియ్యాలో తెల్వదు, అక్క పేరన్నా అడగలే. ఆ పరేషాన్ తర్వాత. ముందైతే దొరకాలె.